ఇల్లాలి లెక్క తేల్చకుండానే నివాళులా?

మన పల్లెల్లో ఒక పెద్దావిడ చనిపోతే ఆమె గురించి ఏం చెప్పాలో ముందే సిద్ధమై ఉంటుంది. సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. పెద్దకర్మకు కార్డు అచ్చు వేయిస్తారు. ‘మాతృమూర్తి’, ‘అన్నపూర్ణ’, ‘సహనశీలి’, ‘ఆదర్శ గృహిణి’ అనే నాలుగు మాటలు ఏ ఇంట్లోనైనా మారవు. ఫోటో కింద కొడుకుల పేర్లు, మనవళ్ళ పేర్లు, వాళ్ళ ఉద్యోగాలు వరసగా వస్తాయి. కూతుళ్ళ పేర్లు చివర్లో, అల్లుళ్ళ పేర్లకు తోకలా వస్తాయి. ఆమె ఇన్నేళ్ళు ఏ పని చేసింది, ఆమె పేరున ఏముంది, ఏం ఉండాల్సింది, ఏ కాగితం మీద ఎందుకు వేలిముద్ర వేసింది అన్న సంగతులు మాత్రం ఎక్కడా కనపడవు.

ఇంటి పెద్దావిడను ప్రేమగా తలుచుకోవడం వేరు. ఆమె శ్రమనీ, ఆమె వాటానీ పొగడ్త కింద పూడ్చిపెట్టడం వేరు. మొదటి దాని పేరు చెప్పి మన ఇళ్ళలో చేస్తున్నది రెండోది. ఆమె బతికున్నంత కాలం శ్రమను తీసుకున్నారు. ముసలితనంలో ఆస్తిని తీసుకున్నారు. చనిపోయాక, ఇదంతా ఆమె తన ఇష్టంతో త్యాగం చేసిందని చెప్పి చరిత్రను కూడా తీసుకుంటున్నారు. ఆమెను నిజంగా ప్రేమించినవాళ్ళు ఈ మూడో దోపిడీనైనా అడ్డుకోవాలి. ఎందుకంటే మొదటి రెండూ రేపు మరో ఇంట్లో నిరాటంకంగా సాగడానికి దారి వేసేది ఈ మూడోదే.

ఒక మెట్ట ఊరి జీవితం

మా అమ్మమ్మ ఊరు చందర్లపాడు. ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఇది ఒక ఇంటి గొడవ అయిపోతుంది. ఆ ఊళ్ళో, చుట్టుపక్కల నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో, ఆమె వయసు ఆడవాళ్ళలో చాలామంది కథ ఇంచుమించు ఇదే. 1930లో పుట్టింది. 1944లో పద్నాలుగేళ్ళకు కోడలై వచ్చింది. శారదా చట్టం ఆడపిల్లకు పెట్టిన కనీస వయసు అప్పటికి పద్నాలుగే కాబట్టి చట్టం ప్రకారం తప్పేమీ జరగలేదు. 2022లో, ఆ ఊరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన సంవత్సరంలోనే, తొంభై రెండేళ్ళ వయసులో పోయింది.

చందర్లపాడు డెల్టా కాదు. కృష్ణ పక్కనుంచే పారుతుంది, అవతలి ఒడ్డున అమరావతి. అయినా పొలం మాత్రం మెట్ట. నల్లరేగడిలో జొన్న, కంది, పత్తి, మిరప. వాన మీద ఆధారపడిన చోట పండిన నాలుగు గింజల్ని ఏడాది పొడుగునా పురుగు పట్టకుండా కాపాడి వండి పెట్టడమే సగం వ్యవసాయం. ఆ సగం ఇంటి ఆడవాళ్ళది. కోడి కూయకముందే లేచి పశువుల కింద పేడ తీయడం, కల్లాపి, పాలు పితకడం, దాలిలో పిడకలు రాజేసి పాలు పెట్టడం, చల్ల చిలకడం. జొన్నలు దంచి విసిరి వండడం. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబోసి, తిరగలిలో వేసి పప్పు చేయడం. మిరపకాయల్లో తాలుకాయ ఏరడం. మంచి కంకి చూసి విత్తనానికి పక్కన పెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండల్లో దాచడం. వీటి మధ్య ఏడు కాన్పులు, బతికింది ఐదుగురు. అత్తమామలు మంచాన పడితే వాళ్ళ సేవ. కూతుళ్ళ పురుళ్ళు, కోడళ్ళ పురుళ్ళు, మనవల పెంపకం.

ఇందులో ఏది ఇంటిపని, ఏది వ్యవసాయం? విత్తనం దాచేది ఇల్లాలా, రైతా? విత్తనాల కుండ ఇంట్లో ఉన్నంత కాలం ఏ గింజ వేయాలో అమ్మమ్మను అడిగేవారు. కుండ పోయి కంపెనీ ప్యాకెట్ వచ్చాక అడగడం మానేశారు. విత్తనం, ఎరువు, పురుగుమందు కొట్టు అప్పు మగవాళ్ళ పేరు మీద నడిచింది. ఆ అప్పు తీర్చడానికి మాత్రం అమ్మమ్మ మెడలోని నానుతాడు పోయింది. ‘హరిత విప్లవం’ గురించి రాసిన పుస్తకాల్లో ఆ నానుతాడు ఏ పద్దులో ఉందో నాకు కనపడలేదు.

మరో సంగతి కూడా చెప్పకపోతే మనం కూడా పూడ్చిపెట్టే పనే చేసినట్టవుతుంది. అమ్మమ్మది భూమి ఉన్న రైతు కుటుంబం. ఆమె చాకిరీ ఎంత నిజమో, ఆ చాకిరీలో బరువైన భాగం మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళ మీద పడిందన్నదీ అంతే నిజం. దొడ్లో పేడ ఎత్తింది వాళ్ళు. మిరప చేలో కాయ కోసింది వాళ్ళు. వాళ్ళకు అన్నం పెట్టేది అమ్మమ్మే. కానీ పెట్టేది పెరట్లో, నీళ్ళు పోసేది పై నుంచి. ఆమె ‘అన్నపూర్ణ’ అయితే ఆ అన్నాన్ని పండించిన ఆడవాళ్ళను ఏమని పిలవాలి? వాళ్ళను ఎవరూ ‘గృహిణి’ అని కూడా అనలేదు, ఎందుకంటే పొద్దున్నే వాళ్ళు ఇంకొకరి ఇంటికీ చేనుకూ పోయారు. తిరిగొచ్చి తమ ఇంట్లో అదే చాకిరీ మళ్ళీ చేశారు. తొంభై ఏళ్ళు బతికినా వాళ్ళకు ఫ్లెక్సీ కట్టే సెంటరు వేరు. కుల వ్యవస్థను పక్కన పెట్టి రాసే ఏ ‘మా అమ్మమ్మ’ కథా పూర్తి కాదు. ఆమె మీద జరిగిన అన్యాయం నిజం. ఆమె ఇల్లు చేసిన అన్యాయమూ నిజం. ఒకటి రెండో దాన్ని రద్దు చేయదు.

మూడు వేలిముద్రలు

అమ్మమ్మ తన జీవితంలో ప్రభుత్వ కాగితాల మీద మూడుసార్లు వేలిముద్ర వేసింది. మూడూ వదులుకోవడానికే.

మొదటిది, పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు అమ్మినప్పుడు. కూతురి కట్నానికి ఆ డబ్బు పోయింది. ఒక ఆడదాని ఆస్తి ఇంకో ఆడదాని కట్నమై, ఆ ఇంటి మగవాళ్ళ చేతికి చేరింది. మన కోస్తా జిల్లాల్లో పసుపు కుంకుమ పొలం చాలావరకు పోయిన దారి ఇదే. రెండోది, భర్త పేరున ఉన్న బాకీకి పూచీ పడినప్పుడు. మూడోది, తాతయ్య పోయాక. పెద్దకర్మ అయిన నెలలోపే కొడుకులు కారులో తీసుకెళ్ళి హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయించారు. భర్త వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు కొడుకులతో, కూతుళ్ళతో సమానంగా ఒక వాటా వస్తుందని హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ చెబుతోంది. ఆ వాటా ఆమెకుందని ఆమెకు తెలిసిన రోజూ, పోయిన రోజూ ఒక్కటే. కూతుళ్ళు కూడా సంతకాలు చేశారు. ‘పుట్టింటి గడప తొక్కాలి కదా’ అన్న ఒక్క మాట చాలింది. ఆ మాటలో ఉన్న బెదిరింపుకు ఏ సెక్షనూ లేదు.

ఆ తర్వాత వంతులు మొదలయ్యాయి. నెలకు ఒక కొడుకు ఇల్లు. తన చేత్తో అలికిన ఇంట్లో తనకు సొంతంగా ఒక గది లేదు. ఒక గుడ్డల సంచీ, ఒక మందుల డబ్బా పట్టుకుని నెలాఖరుకు ఇల్లు మారేది. మా మేనమామలు చెడ్డవాళ్ళని నేననడం లేదు. అన్నం పెట్టారు, ఆస్పత్రికి తిప్పారు. నా అభ్యంతరం ఒకటే. తన వాటా తన పేరున ఉండి ఉంటే అదే అన్నాన్ని ఆమె హక్కుగా తినేది. హక్కు తీసేసుకుని అన్నం పెట్టడాన్ని మన సమాజం ‘సేవ’ అంటుంది. మనం కూడా ఆ మాటే అనాల్సిన అవసరం లేదు.

చట్టం ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎంతమందిని దాటిపోయింది

‘చట్టాలు ఉన్నాయిగా, ఆడవాళ్ళే అడగరు’ అనే మాట మనం రోజూ వింటాం. చట్టం నడిచిన దారి చూస్తే ఆ మాటలో ఎంత దబాయింపు ఉందో తెలుస్తుంది.

1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది, కానీ బతికున్నంత వరకు అనుభవించడానికే. 1956 చట్టంలోని 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. మార్చిందని ఒక ఆడమనిషి నిరూపించుకోవడానికి ఎంత కాలం పట్టిందో నెల్లూరు తులశమ్మ కేసు చెబుతుంది. ఆమె భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం 1944లో ఆమె నెల్లూరు కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరి, జీవితాంతం అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. ఆమె అందులో కొంత అమ్మితే, అమ్మే హక్కు నీకెక్కడిదని మరిది వరస అతను దావా వేశాడు. అది ఆమె సొంత ఆస్తేనని సుప్రీంకోర్టు చెప్పింది 1977 మార్చిలో. భర్త పోయిన 46 ఏళ్ళకు! ఆ తీర్పును దేశమంతా ఉదహరిస్తారు. ఆ 46 ఏళ్ళు ఆమె ఎలా బతికిందన్నది మాత్రం తీర్పుల్లో ఉండదు.

కూతుళ్ళకు పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చింది. గర్వపడాల్సిందే. కానీ ఆ తేదీకి ముందు పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. అంటే అప్పటికే అత్తవారింట్లో చాకిరీ చేస్తున్న మా అమ్మల తరం మొత్తం గుమ్మం బయటే ఉండిపోయింది. పెళ్ళయిందా లేదా అన్న తేడా లేకుండా కేంద్ర సవరణ వచ్చింది 2005 సెప్టెంబర్ 9న. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న తగవు తీరింది 2020 ఆగస్టులో, వినీతా శర్మ కేసులో. అక్కర్లేదన్నారు. అప్పటికి ఎన్ని ఇళ్ళల్లో పంపకాలు అయిపోయాయో, ఎన్ని విడుదల దస్తావేజులు రిజిస్టరు అయ్యాయో మనకు తెలియనిది కాదు. చట్టం వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు చట్టం కంటే ముందే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు చేరుకున్నారు.

బతికుంటే సున్నా, చనిపోతే ధర

‘తల్లి ప్రేమకు వెల కడతారా?’ అని మనల్ని నిలదీస్తారు. వెల కట్టడం మనం మొదలుపెట్టలేదు. రాజ్యం ఎప్పుడో కట్టింది. ఒక షరతు మాత్రం ఉంది: ఆ తల్లి చనిపోవాలి.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట పక్కనుంచి, నందిగామ మీదుగా పోతుంది. ఆ రోడ్డు మీద ఒక ఇల్లాలు లారీ కింద పడి చనిపోతే, ట్రిబ్యునల్లో ఆమె పనికి నెలకింత అని లెక్క వేస్తారు. జంషెడ్‌పూర్‌లో 1989 మార్చిలో జరిగిన అగ్నిప్రమాదం మీద 2001లో లతా వాధ్వా కేసు తీర్పు చెబుతూ, సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ళ గృహిణుల సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా నిర్ణయించింది. 62 నుంచి 72 ఏళ్ళ పెద్దవాళ్ళకు ఏడాదికి 20,000. అదే ఇల్లాలు రోడ్డు దాటి క్షేమంగా ఇంటికి చేరి పొయ్యి రాజేస్తే ఆమె పని విలువ సున్నా. ప్రాణం పోతే ఆదాయం, ప్రాణం ఉంటే పుణ్యం! ఈ వింత లెక్కను ప్రశ్నిస్తే మనం ప్రేమ లేనివాళ్ళమా?

2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో జస్టిస్ గంగూలీ ఇంకో సంగతి బయటపెట్టారు. 2001 జనగణన ఇంటిపని చేసే ఆడవాళ్ళను బిచ్చగాళ్ళు, ఖైదీలు, వేశ్యలతో కలిపి ‘పని చేయనివారి’ కింద వేసిందని ఆయన తప్పుపట్టారు. మనం ఆ వరుసలోని ఎవరినీ తక్కువ చేయనక్కర్లేదు. అడగాల్సింది వేరే: అరవై ఏళ్ళు రోజుకు పదహారు గంటలు మేలుకుని ఉన్న మనిషిని ‘పని చేయనిది’ అని రాయడానికి ఏ ఎన్యూమరేటరు చేతికి బరువనిపించలేదా? జాతీయ శాంపిల్ సర్వేల్లో ఇంటిపని మాత్రమే చేసేవారికి 92 అని ఒక కోడ్, ఇంటిపనితో పాటు కట్టెలు, గడ్డి, కూరాకు ఏరి తెచ్చేవారికి, కుట్టుపని చేసేవారికి 93 అని ఇంకో కోడ్ ఉన్నాయి. రెండు కోడ్‌లూ శ్రామికుల లెక్కకు బయటే. చందర్లపాడు ఇల్లాలి తొంభై ఏళ్ళూ ఈ రెండు అంకెల్లో పట్టేశాయి.

2021 జనవరిలో కీర్తి కేసులో గృహిణుల ఆదాయం గురించి విడిగా తీర్పు రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇదే కృష్ణా జిల్లాలో, నందిగామ దగ్గరి పొన్నవరంలో పుట్టినవారు. 2011 జనగణనలో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు 15.98 కోట్ల మంది అనీ, మగవాళ్ళు 57.9 లక్షల మందేననీ ఆయన ఆ తీర్పులో గుర్తుచేశారు. గృహిణి సేవలకు విలువ కట్టడం ఆమె శ్రమకు గుర్తింపు అన్నారు. మన పక్క ఊళ్ళ ఇళ్ళను చూసి పెరిగిన మనిషి ఆ మాట అనడం సంతోషమే. కానీ ఆ గుర్తింపూ యాక్సిడెంటు కేసులోనే వచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొదటిసారి దేశం మొత్తం మీద జరిగిన 2019 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేశారని తేలింది. (1998-99లో ఆరు రాష్ట్రాల్లో మాత్రమే జరిగిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు.) 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు 10 నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకు 9 నిమిషాలు తగ్గాయి. రోజుకు ఐదు గంటలే అనుకుందాం. పశువుల పనీ, చేను పనీ, పసిపిల్లల పనీ కలపవద్దు. 1944 నుంచి ఎనభై ఏళ్ళ వయసులో చేతులు వణకడం మొదలైన 2010 దాకా అమ్మమ్మ చేసిన ఇంటిపని 1,20,000 గంటలు దాటుతుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పనిచేసే ఉద్యోగికి అది 50 ఏళ్ళ సర్వీసు. ఆదివారాలు లేవు, పండగలైతే పని రెట్టింపు. రిటైరైన రోజున ఆమెకు దక్కింది నెలకొక కొడుకు ఇంట్లో మంచం.

మన మధ్య ఉన్న రెండు అభ్యంతరాలు

ఒకటి, ‘ఆమె సంతోషంగానే చేసిందిగా, మీకెందుకు బాధ?’ అనేది. సంతోషంగా చేసి ఉండొచ్చు. పిల్లలు తింటుంటే చూసి ఆమె మురిసిపోవడం నేను చూశాను. టీచరు కూడా సంతోషంగానే పాఠం చెబుతాడు, డాక్టరు సంతోషంగానే వైద్యం చేస్తాడు. వాళ్ళ సంతోషం చూపించి జీతం ఎగ్గొట్టమని ఎవరూ అనరు. ఆడమనిషి విషయంలోనే ప్రేమకూ హక్కుకూ పోటీ పెడతారు.

రెండోది మనలో కొందరి నుంచి వస్తుంది. ‘ఈ అత్తగార్లూ నాయనమ్మలే పితృస్వామ్యానికి కాపలా కాశారు, కోడళ్ళను ఏడిపించారు, వీళ్ళకోసం కన్నీళ్ళెందుకు?’ అని. ఏడిపించిన మాట నిజం. అమ్మమ్మ కూడా కోడళ్ళ మీద పెత్తనం చేసింది, మనవరాలికి ఒక గుడ్డూ మనవడికి రెండు గుడ్లూ పెట్టింది. కానీ ఆమెకు దొరికిన అధికారం ఎలాంటిదో చూడండి. బీరువా తాళాలు నడుముకు ఉండేవి, బీరువాలోని దస్తావేజులు మగవాళ్ళ పేరున ఉండేవి. కోడలి మీద మాటకు అడ్డు లేదు, పొలం అమ్మేటప్పుడు మాటకు చోటు లేదు. ఆస్తి లేని పెత్తనం కొడుకును గట్టిగా పట్టుకుంటేనే నిలుస్తుంది. అత్తాకోడళ్ళ తగవు పుట్టేది అక్కడే. దాన్ని ఆడవాళ్ళ గుణం అని రాసుకుంటే మనకూ సీరియళ్ళకూ తేడా ఉండదు.

పెనుగంచిప్రోలు చూపే రెండు దారులు

నందిగామ ప్రాంతంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరు తెలియని ఇల్లు లేదు. అత్తవారింట ఆరళ్ళు పడిన కోడలు అగ్నిలో ప్రవేశించి దేవత అయిందని కథ. తిరునాళ్ళకు బండ్లు కట్టుకుని పోయిన ఆడవాళ్ళు ఆమె కథలో తమ కథ విని ఏడ్చారు. వాళ్ళ భక్తిని నేను తక్కువ చేయను. బాధ చెప్పుకోవడానికి వాళ్ళకు దొరికిన చోటు అదే. కానీ ఆ కథను మన సమాజం వాడుకున్న తీరు చూడండి. మన చట్టం ప్రకారం గుడిలోని దేవత ఆస్తి ఉండగల వ్యక్తి. ఆమె పేరున భూమి ఉండొచ్చు, దావా నడవొచ్చు. ఇంట్లో కోడలు మాత్రం 1956 దాకా తన చేతికొచ్చిన భూమి మీద కూడా పూర్తి హక్కుదారు కాలేకపోయింది. ఆడదాన్ని దేవతను చేయడానికి మనవాళ్ళకు అభ్యంతరం లేదు, పట్టాదారును చేయడానికే అభ్యంతరం.

అదే పెనుగంచిప్రోలులో 1874లో భండారు అచ్చమాంబ పుట్టింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు చదువు నేర్చుకుంది. ఆడవాళ్ళు అబలలు, బుద్ధి లేనివాళ్ళు అన్న వాదాన్ని ఖండించడానికి మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. మొదటి భాగం 1901లో వచ్చింది. మరుసటి ఏడాది బందరులో బృందావన స్త్రీల సమాజం స్థాపనలో ఆమె చేయి ఉంది. 1905లో ముప్పై ఏళ్ళకే చనిపోయింది. స్త్రీల జీవితాలు రాయడం ఒక వాదన అని, ఊరికే పొగడ్త కాదని మన ప్రాంతం ఆడమనిషే నూట పాతికేళ్ళ కిందట చూపింది. ఆమె రాసింది ఎక్కువగా రాణులు, పండితురాళ్ళు, వీరవనితల గురించి. ఆనాటి వాదానికి అది అవసరం. స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని మామూలు ఆడవాళ్ళ గొంతులు అచ్చులోకి వచ్చాయి. మిగిలిపోయింది ఏ పోరాటంలోనూ పేరు ఎక్కని, పొయ్యి దగ్గరే తొంభై ఏళ్ళు గడిపిన మనిషి. చందర్లపాడు మండలంలోనే గుడిమెట్ల కొండ మీద శిథిలమైన కోటకు చాగి రాజుల పేరుంది. ఆ కొండ కింద ఊళ్ళలో విత్తనం కాపాడిన ఆడవాళ్ళకు ఏ పేరూ లేదు.

మనం చేయాల్సింది

ఒకటి. మన సంఘాలు పనిచేసే ఊళ్ళలో డెబ్బై దాటిన ప్రతి ఆడమనిషితో కూర్చుని ఆమె జీవితపు పద్దు రాయాలి. పెళ్ళి వయసు, కాన్పులు, చేసిన పనులు, పుట్టింటి నుంచి తెచ్చినవి, అమ్మినవి, వేలిముద్ర వేసిన కాగితాలు, ఇప్పుడు ఆమె పేరున ఉన్నవి. రైతు ఇళ్ళల్లోనే కాదు, దళితవాడల్లోనూ. ఆమె బతికుండగానే రాయాలి. ఆమెకు చదివి వినిపించాలి.

రెండు. భర్త పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినప్పుడు ‘తొందరపడి ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి’ అని చెప్పడం మన పరామర్శలో భాగం కావాలి. విడుదల దస్తావేజు రాయించుకునేటప్పుడు ఆ ఆడమనిషిని కొడుకులూ అన్నదమ్ములూ లేకుండా విడిగా కూర్చోబెట్టి, ఆమె ఏం వదులుకుంటోందో, దాని విలువెంతో చదివి చెప్పే నిబంధన రిజిస్ట్రేషన్ శాఖ పెట్టాలని అడగాలి.

మూడు. ఇప్పటికే పిల్లలకు రాసిచ్చేవాళ్ళు ‘నన్ను పోషించాలి’ అన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే రాసిచ్చింది రద్దు చేయమని ఆర్డీఓ ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. నందిగామలో 2022 నుంచి రెవెన్యూ డివిజన్ ఉంది. బస్సు దిగి నడిచి వెళ్ళేంత దూరం. షరతు రాయకపోతే కేసు చాలా బలహీనపడుతుందని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంకా జాగ్రత్త అవసరం.

నాలుగు. 2021లో జరగాల్సిన జనగణనను 2027కు నోటిఫై చేశారు. పొలంలో కూలి లేకుండా చేసే పని, అమ్మకానికి కాకపోయినా ఇంటికోసమే చేసే పాడి పని కూడా ‘పని’ కిందే రావాలని జనగణన సొంత నిర్వచనమే చెబుతుంది. గుమ్మంలో నిలబడ్డ మగవాడు ‘మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది’ అని చెబితే ఆ నిర్వచనం గేటు దగ్గరే ఆగిపోతుంది. గేదె పితికే ప్రతి ఆడమనిషీ తన జవాబు తానే చెప్పేట్టు ఊరూరా ప్రచారం చేయాలి. ఇక మిగతా ఇంటిపనినీ శ్రమగా లెక్కించాలని 1995 బీజింగ్ మహాసభలో మన ప్రభుత్వం ఒప్పుకున్న మాటను మళ్ళీ ముందు పెట్టాలి.

ఐదు. ఇది అందరికంటే మనకే కష్టం. మన సొంత ఇళ్ళల్లో పెద్దకర్మ కార్డు అచ్చు వేయించేటప్పుడు అడ్డు చెప్పాలి. ‘సహనశీలి’ అన్న మాట కొట్టేసి ఆమె చేసిన పని రాయమనాలి. కూతుళ్ళ పేర్లు కొడుకుల వరుసలో రాయమనాలి. వీలైతే పెద్దకర్మ నాడే, వచ్చినవాళ్ళ ముందే, ఆమె ఎన్ని ఎకరాలకు హక్కుదారై ఎంతకు యజమాని కాకుండా పోయిందో ఒక మాట చెప్పాలి. అశుభం అంటారు. అనుకోనివ్వండి. ఆ పందిట్లోనే భర్త పోయి, కొడుకుల పిలుపు కోసం భయపడుతున్న మరో ఆడమనిషి తప్పకుండా కూర్చుని ఉంటుంది. మనం చెప్పే మాట ఆమె కోసం.